ఫెన్నర్ గారి గోడ మీద బెల్లం మబ్బు

మెల్బోర్న్‌కి ఉత్తరాన, ఇప్పుడు మేముంటున్న క్రెయిగీబర్న్‌కి కారులో కాస్త దూరంలో, ఒక పాత హాలు లోపలి గోడ మీద పెద్ద ఆకాశం ఉంది. ఆ ఆకాశం నేను వేసిందే. ఈ మాట ఈ దేశంలో ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. ఉగాది సభల్లో చెప్పాను. పార్కుల్లో బార్బెక్యూల దగ్గర చికెన్ కాలేలోపు చెప్పాను. గుడి బయట చెప్పులు వెతుక్కుంటూ చెప్పాను. మోకాలి ఆపరేషన్‌కి ముందు మత్తు ఇవ్వబోతున్న డాక్టరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ "వెరీ నైస్ అంకుల్, ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అంది. పారిస్‌లో చదివొచ్చిన ఒక మహానుభావుడు నన్ను పక్కన నిలబెట్టుకుని, కుంచె నా చేతిలో పెట్టి, "ఈ పైభాగమంతా నీది, సూరీ" అన్నాడని చెప్పేవాణ్ణి. వినేవాళ్ళ మొహాలని బట్టి ఆకాశం పెరుగుతూ తగ్గుతూ ఉండేది. శ్రద్ధగా వింటే మొత్తం నాదే. అనుమానంగా చూస్తే సగం. ఎవరైనా ఆర్కిటెక్టు ఎదురుపడితే మాత్రం కుడివైపు పైమూలతో సరిపెట్టుకునేవాణ్ణి.

ఈ మధ్య ఆ హాలు చుట్టూ ఇనప కంచె వేశారు. గోడకి చెమ్మ పట్టిందనీ, బాగుచేసే దానికన్నా పడగొట్టడం తేలికనీ కౌన్సిల్ వాళ్ళు తీర్మానించేశారు. చెమ్మకి వాళ్ళు చూపించే సాక్ష్యం నా ఆకాశంలోనే ఉంది: కుడివైపు పైమూల నుంచి కిందికి దిగిన పెద్ద గోధుమరంగు మరక. అది చెమ్మ మరక కాదనీ, అది ఎలా వచ్చిందో ఈ భూమ్మీద తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే మిగిలాననీ నా ధీమా. నా మాట ఒక్కటి రిపోర్టులోకి ఎక్కితే గోడ నిలబడుతుందేమోనని ఆశ. అందుకే ఇన్నేళ్ళూ పెంచుతూ వచ్చిన ఆకాశాన్ని విప్పి, అసలు కొలతకి తెచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ పారిస్ మహానుభావుడు రూపర్ట్ ఫెన్నర్ గారి ఇంటి నుంచి మొదలుపెట్టకపోతే ఆ కొలత ఎవరికీ తెలియదు.

నేను కాకినాడలో డిప్లొమా చేసి, పై చదువుకని ఇక్కడికి వచ్చిన కొత్తలో, యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద చిన్న చీటీ చూశాను. కోబర్గ్‌లో ఒక ఆర్కిటెక్టు ఇంట్లో గది ఉంది, అద్దె బదులు సాయంత్రాలు డ్రాయింగ్ పని చేసి పెట్టాలి. వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ చెయ్యి మైదాపిండితో ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, లోపలికి తిరిగి, "రూపర్ట్, ఎవరో వచ్చారు, పొడుగ్గా ఉన్నాడు, మెట్లెక్కగలడు" అని కేకేసింది. ఆవిడ మిస్ ఆగ్నెస్, ఫెన్నర్ గారి చెల్లెలు. అన్నగారు భార్య పోయిన మనిషి, ఆవిడ పెళ్ళి చేసుకోని మనిషి. ఇద్దరూ డెబ్బైకి అటూ ఇటూ. ఆ ఇంట్లో పనికిరాని వస్తువు లేదని ఆవిడా, పనికొచ్చే వస్తువు లేదని ఆయనా రోజూ వాదించుకునేవారు.

ఆ ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. మెట్ల కింద కిరోసిన్ హీటరు, వంటింట్లో గొర్రె మాంసం కొవ్వు, మెట్లెక్కుతుంటే టర్పెంటైను, అటక మీది గదిలో తడి కాయితం. నేను శాకాహారినని తెలిశాక ఆగ్నెస్ నాకోసం బంగాళాదుంపలు విడిగా ఉడికించి, వాటి మీద అదే కొవ్వు పోసి, "ఇది మాంసం కాదు, రుచి మాత్రమే" అని ప్లేటు ముందుకు తోసేది. పొద్దున్నే ఫెన్నర్ గారు టై కట్టుకుని అటక ఎక్కేవారు. బయట ఆర్డర్లు లేవు, వచ్చేవాళ్ళు లేరు, అయినా టై ఉండాల్సిందే. సిరా కడ్డీని సాసర్లో నీళ్ళు పోసి అరగదీసేవారు, మా నాయనమ్మ గంధం తీసినంత నెమ్మదిగా. పలచటి ఆ నీళ్ళని కాయితం మీద ఒక పొర, ఆరాక ఇంకో పొర, అలా వేస్తూ వేస్తూ ఒక స్తంభం నీడని తెచ్చేవారు. నేను మొదటి వారం ఒకే దెబ్బకి నల్లగా వేసేశాను. ఆయన కోప్పడలేదు. ఆ షీటు తీసుకెళ్ళి ఆగ్నెస్‌కి ఇచ్చారు, ఆవిడ దాన్ని బిస్కెట్ల డబ్బా అడుగున పరిచింది.

ఆ పద్ధతిని బోజార్ అనేవారు. పారిస్‌లో ఆయన కుర్రతనంలో నేర్చుకున్నది. మనం గుడికి గోపురం ఎక్కడుండాలో, ధ్వజస్తంభం ఎక్కడుండాలో చర్చ పెట్టుకోం కదా, అలాగే వాళ్ళకీ మెట్లు, స్తంభాలు, నడిమి గుమ్మం, రెండు పక్కలా సమానంగా రెక్కలు. భవనానికి మొహం ఉండాలి, ఆ మొహానికి ఎదురుగా నిలబడ్డ మనిషి టోపీ తీయాలి. అదీ ఆయన సిద్ధాంతం. లోపలికి వెళ్ళాక గోడ ఖాళీగా ఉండకూడదు, బొమ్మ ఉండాలి, ఆ బొమ్మ కట్టినవాడే వేయాలి. యౌవనంలో బ్యాంకులు కట్టారు, ఒక సినిమా హాలు కట్టారు, రైల్వే వెయిటింగ్ రూమ్ కట్టారు. అన్నింట్లోనూ ఆయన చేతి బొమ్మలు: గోధుమ కంకులు పట్టుకున్న ఆడవాళ్ళు, గొర్రెలు, ఓడలు. నేను వెళ్ళేసరికి కాలం గాజు పెట్టెల్లాంటి భవనాలది. ఆయన కట్టినవి ఒక్కొక్కటే పడగొడుతున్నారు.

ఎక్కడైనా ఆయన కట్టడం పడగొడుతున్నారని తెలిస్తే ఆయన నల్ల సూటు వేసుకుని, మడత స్టూలు చంకన పెట్టుకుని, ట్రామెక్కి వెళ్ళేవారు. నన్ను రెండు మూడుసార్లు తీసుకెళ్ళారు. ఎదురుగా పేవ్‌మెంట్ మీద స్టూలేసుకుని కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. పనివాళ్ళు ఆయన్ని కంట్రాక్టరు తాలూకు మనిషి అనుకుని గబగబా పనిచేసేవాళ్ళు. సాయంత్రానికి దుమ్ములోంచి ఒక గార ముక్క ఏరి, జేబురుమాల్లో మూటకట్టి ఇంటికి తెచ్చేవారు. ఒకసారి ఒక ఆడమనిషి చెవి, ఒకసారి గొర్రె కాలు. ఆగ్నెస్ వాటిని తలుపులకి అడ్డం పెట్టేది. ఆ ఇంట్లో ఏ తలుపు దగ్గర ఏ భవనం ఉందో ఆయనకి తెలుసు. స్నానాల గది తలుపుకి సినిమా హాలు అడ్డం పెట్టడం మీద మాత్రం ఆయనకి అభ్యంతరం ఉండేది.

మా పెళ్ళయిన ఏడాదికి నా భార్య సుభద్ర ఇండియా నుంచి వచ్చింది. చలికి వణుకుతూ, పట్టుచీర మీద నా కోటు వేసుకుని ఆ గుమ్మంలో నిలబడితే ఆగ్నెస్ తన ఉన్ని శాలువా తీసి కప్పింది. ఆ శాలువా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మనవలు దాని మీద కుక్కని పడుకోబెడతారు. వీళ్ళిద్దరికీ భాష కుదరకముందే స్నేహం కుదిరింది. సుభద్ర చీరలకి గంజి పెట్టడం ఆగ్నెస్ చూసి అన్నగారికి చెప్పింది. బోర్డు మీద కాయితం బిగించడానికి ఆయన వాడే మైదా జిగురు కన్నా గంజి మెరుగని తేలింది. ఇక రోజూ అన్నం వార్చగానే గిన్నె అటక ఎక్కేది. ఆయన దాన్ని వేలితో తీసి, వెలుతురుకి పట్టుకుని, తల ఊపేవారు. నా డిప్లొమాని ఆయన ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు.

అప్పుడొచ్చింది ఆ హాలు. ఆయన చివరి పని. గొర్రెల పొలాల మధ్య ఒక చిన్న ఊరు. అక్కడ ఒక ఆసామీ పోతే ఆయన భార్య, భర్త పేరున ఊరికి హాలు కట్టించాలనుకుంది. ఆవిడకి స్తంభాలంటే ఇష్టం. ఈ రోజుల్లో స్తంభాలు వేసేవాళ్ళు ఇంకా బతికున్నారా అని అడుగుతూ అడుగుతూ ఫెన్నర్ గారి గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయాక ఆయన తన పారిస్ బడి పద్ధతిలో అటక తలుపు వేసుకుని ఒక్క రోజులో స్కెచ్ వేశారు. ఆ బడిలో మొదటి రోజు వేసిన స్కెచ్‌ని మేష్టర్ల దగ్గర పెట్టేస్తారు. తర్వాత నెలల తరబడి దాన్ని పెద్దది చేయొచ్చు, నీడలు దిద్దొచ్చు, కానీ మార్చకూడదు. మారిస్తే ఎంత బాగా వేసినా చెల్లదు. ఆయనకి ఇక్కడ మేష్టర్లు లేరు కాబట్టి సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆగ్నెస్‌కి ఇచ్చారు. కట్టేటప్పుడు మేస్త్రీ అడిగాడు, కప్పు మీది వాననీళ్ళు దిగడానికి గొట్టం బయటి గోడ మీదుగా దింపుదామని. స్కెచ్‌లో గొట్టం లేదు, అన్నారు ఫెన్నర్ గారు. మొహం మీద ముక్కు పక్కన గొట్టం పెట్టుకుంటావా అని అడిగారు. గొట్టాన్ని గోడ లోపల పూడ్చారు. అప్పుడు నేను ఆ పట్టుదల చూసి మురిసిపోయాను. ఎవరి మాటకీ లొంగని మనిషిని చూస్తే ఆ వయసులో ఎవరికైనా అలాగే ఉంటుంది.

లోపలి గోడ మీద బొమ్మ. పచ్చి గార మీద రంగు వేసే పద్ధతి అది. ఒక రోజుకి ఎంత వేయగలరో అంత మేరకే గార పూయాలి, అది ఆరేలోపు రంగు అయిపోవాలి, ఆరాక సున్నమే రంగుని పట్టేసుకుంటుంది. కింద గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు, పళ్ళ బుట్టలతో ఆడవాళ్ళు, పైనంతా ఆకాశం. కత్తిరించేవాళ్ళకి ఆయన పాత గ్రీకుల మాదిరి వస్త్రాలు చుట్టారు. ఊళ్ళోవాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళలో ఒకడు చాలాసేపు నిలబడి, మా బిల్ దుప్పటి కట్టుకుని పనికి ఎందుకొచ్చాడు అని అడిగాడు. ఫెన్నర్ గారు నిచ్చెన దిగకుండానే, వాడు చిరకాలం ఉండబోతున్నాడు, ప్యాంటు అంతకాలం ఉండదు, అన్నారు.

ఆ ఆకాశం నేను వేశానని కదా మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే కుంచె నా చేతికి ఎప్పుడూ రాలేదు. నాది బకెట్టు. నిచ్చెన కింద నిలబడి ఆయన అడిగిన రంగు గిన్నె అందించడం, సున్నం కలపడం. ఆ సున్నం పని కూడా ఒక గొప్ప చెప్పి సంపాదించుకున్నదే. మావాళ్ళు తరతరాలుగా గానుగ సున్నం ఆడించి కోటలు కట్టినవాళ్ళని చేరిన కొత్తలో ఆయనతో అన్నాను. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా ఎదురింటివాళ్ళు మేడ కడుతున్నప్పుడు ఎద్దు చుట్టూ తిరుగుతూ గానుగ ఆడటం వీధి అరుగు మీద కూర్చుని చూశాను, అంతే. అందులో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోస్తారని, అలా పోస్తే గోడ రాయిలా బిగుస్తుందని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఈ ముక్క చెప్పగానే ఫెన్నర్ గారి కళ్ళు మెరిశాయి. అలాంటి సంగతి ఎక్కడో చదివారట, చేసినవాణ్ణి చూడటం ఇదే మొదలట.

ఆకాశం కుడివైపు మూలకి వచ్చిన రోజున గార కలపడం నాకే వదిలారు. నా గొప్ప నిలబెట్టుకోవాలి. అప్పట్లో ఈ ఊళ్ళో బెల్లం ఎక్కడుంది, ఇప్పటిలా వీధికో ఇండియన్ షాపు లేదుగా. కరక్కాయ మాట సరేసరి. కొట్టుకెళ్ళి గోల్డెన్ సిరప్ డబ్బాలు కొన్నాను, రొట్టె మీద రాసుకునే పాకం అది, చూడటానికి మన బెల్లం పాకమే. కరక్కాయ వగరు కోసం నల్లటి టీ డికాక్షన్ కాచాను. ఎవరూ చూడకుండా రెండూ సున్నంలో పోసి కలిపాను. హాలంతా మా ఊళ్ళో అరిసెల పాకం పట్టినప్పటి వాసన వచ్చింది. ఫెన్నర్ గారు వచ్చి గాలి పీల్చి, నా వంక చూసి, పూయించి రంగు వేశారు. మర్నాడు, ఆ మర్నాడు నాకు పరీక్షలు. తిరిగి వెళ్ళేసరికి ఆ మూల లేత నీలం ఆకాశం ఆరి, అద్దంలా ఉంది. నా ఛాతీ ఉబ్బిపోయింది.

చలికాలం వానలు పడ్డాక ఆ మూల గోధుమరంగు తేలింది. ముందు అరచేయంత, తర్వాత చేటంత. పాకం పైకి పొంగుతోందని నాకు అర్థమైపోయింది. ఫెన్నర్ గారు దాని కింద చాలాసేపు నిలబడ్డారు. నేను వెళ్ళి పాకం సంగతీ, టీ సంగతీ, ఎదురింటి గానుగ సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన నా భుజం తట్టి, సరే, నీ దేశం నా ఆకాశంలోకి వచ్చింది, ఇక దానికో ఆకారం ఇద్దాం, అన్నారు. అంతే. ఆరిన గార మీద మామూలు రంగు పట్టదు కాబట్టి విరిగిన పాలతో సున్నం కలిపి రంగు చేశారు. ఆ పులిసిన వాసనలో ఆయన ఆ మరక చుట్టూ ఎర్రదుమ్ము మబ్బు వేశారు, ఎండాకాలంలో లోపలి ప్రాంతాల నుంచి లేచొచ్చే దుమ్ము తుఫాను. ఊళ్ళోవాళ్ళకి బొమ్మ మొత్తంలో అదొక్కటే నచ్చింది. ఆ చలికాలం ఆగ్నెస్, సుభద్ర మాకు భోజనం తెచ్చినప్పుడల్లా సంచిలో పాత తువ్వాళ్ళు కూడా తెచ్చేవాళ్ళు. రంగు చుక్కలు తుడవడానికనుకున్నాను.

అలా నాకు మిగిలింది మబ్బు. ఆకాశం పోయినా మబ్బు నాదే కదా అని సర్దుకున్నాను. మహా కళాఖండాన్ని నా అజ్ఞానం పాడుచేస్తే, ఆ పాడైనదే అందులో ఉత్తమ భాగమైందని లోలోపల చెప్పుకునేవాణ్ణి. బార్బెక్యూల దగ్గర చెప్పింది గొప్ప. నాలో నేను చెప్పుకున్నది ఇది. రెండోదాన్ని నిజమనుకున్నాను కాబట్టి మొదటిదానికి సిగ్గుపడలేదు.

ఫెన్నర్ గారు ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చివర్లో ఆయనకి పనేమీ రాలేదు. టై కట్టుకుని అటక ఎక్కి సిరా అరగదీసి, ఎండిపోతే మళ్ళీ అరగదీసేవారు. ఆయన అంత్యక్రియలకి మేము ముగ్గురం, ఆ ఆసామీ భార్యా. ఆగ్నెస్ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిపోయింది. ఇల్లు కొన్నవాళ్ళు తలుపుల దగ్గరి గార ముక్కలన్నీ చెత్త బండిలో పారేశారు; చెవులు, కాళ్ళు, ఓడలు అన్నీ. నేను స్తంభాలు వేసే ఆర్కిటెక్టుని కాలేదు. కుటుంబం పెరిగింది, డ్రైనేజీ శాఖలో ఉద్యోగం దొరికింది, రిటైరయ్యేదాకా మురుగు కాలువల డ్రాయింగులు గీశాను. నేను గీసినవన్నీ మట్టి కిందే ఉన్నాయి, వాటిని చూసి టోపీ తీసినవాడు లేడు.

ఇప్పుడు క్రెయిగీబర్న్‌లో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఇల్లు. గరాజు తలుపే ఇంటి మొహం. మా అమ్మాయి ఇంట్లో గోడలన్నీ తెలుపు, మేకు కొట్టకూడదు, బొమ్మ కావాలంటే టీవీలో వస్తుంది. మనవడితో ఒకసారి ఆ హాలు దగ్గరికి వెళ్తే వాడు కారు దిగకుండా "ఇట్స్ జస్ట్ అన్ ఓల్డ్ బిల్డింగ్, తాతా" అన్నాడు. వాడి మాటలో తప్పు ఏమిటో వెతికాను, దొరకలేదు. ఆ రోజుల్లో ఫెన్నర్ గారు స్టూలేసుకుని కూర్చుంటే ముసలాయనకి వేరే పని లేదనుకున్నాను. ఇప్పుడా స్టూలు నాకు దొరికితే బాగుండనిపిస్తుంది. అదీ ఆ చెత్త బండిలోనే పోయింది.

హాలు రిపోర్టు రాసే కంపెనీలో మా వీధి కుర్రాడే పనిచేస్తున్నాడని ఈ మధ్య తెలిసింది. సంతోష్, కరీంనగర్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి, పీఆర్ తెచ్చుకుని స్థిరపడ్డ ఇంజనీరు. మంచివాడు. శనివారం మధ్యాహ్నం నన్ను తీసుకెళ్ళి, తల మీద పసుపుపచ్చ టోపీ పెట్టి, కంచె తాళం తీశాడు. లోపల పావురాల కంపు. బిల్ దుప్పటి సగం రాలిపోయింది. పళ్ళ బుట్టల ఆడవాళ్ళకి మొహాల్లేవు. నా మబ్బు మాత్రం మునుపటి కన్నా పెద్దదై, దుమ్ము తుఫాను దాటి గొర్రెల దాకా దిగింది. నేను మొత్తం కథ చెప్పాను, గానుగ, గోల్డెన్ సిరప్, టీ, పరీక్షలు. ఈసారి ఒక్క ముక్క పెంచలేదు. ఇది చెమ్మ కాదు, పాకం, గోడ గట్టిదే, ఆ మాట రాయి బాబూ, అన్నాను. నా గొంతు అంత బతిమాలుతుందని నాకే తెలియదు.

సంతోష్ ఓపిగ్గా విన్నాడు. చేతిలోని చెమ్మ కొలిచే చిన్న మీటరు మరక మీద ఆనించాడు. అది కీచుమంది. "అంకుల్, షుగర్ ఇన్నేండ్లు ఉంటదా చెప్పండి. మీటర్ అబద్ధం చెప్పదు గద" అన్నాడు. తర్వాత నా మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే, మీరు చెప్పింది లోకల్ హిస్టరీ కింద ఒక పేరా పెడ్త. కౌన్సిలోళ్ళు అది చూసి ఇంకో ఇన్‌స్పెక్షన్ అడిగితే అడగొచ్చు, గ్యారంటీ అయితే లేదు. కానీ మీ ఒక్కరి మాట అంటే నడవదు అంకుల్. అప్పుడు చూసినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"

ఉంది, మా ఇంట్లోనే ఉంది, రా, భోంచేద్దువుగాని, అన్నాను. దారి పొడుగునా నాకు ఆశ. ఇన్నేళ్ళలో సుభద్ర నా ఆకాశం కథ ఎన్నిసార్లు విందో. ఒక్కసారి కూడా కాదనలేదు. నలుగురిలో చెబుతుంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, అంతే.

ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం. సంతోష్ పప్పు కలుపుకుంటూ, "ఆంటీ, అంకుల్ గోడకి స్వీట్ పెట్టిండట, నిజమేనా?" అని నవ్వుతూ అడిగాడు. ఆవిడ చారు గిన్నె కింద పెట్టింది. ఎందుకు అడుగుతున్నావు బాబూ అంది. రిపోర్టు సంగతి చెప్పాడు. గోడ నిలబడాలంటే మరక పాకంది అని నువ్వు కూడా చెప్పాలి, అన్నాను నేను. సుభద్ర నా వైపు తిరిగింది.

"పాకం కాదండీ అది" అంది. "మీరు పరీక్షకి వెళ్ళిన రోజునే ఆయన ఆ గారంతా చెక్కించి పారేయించారు. చీమలు బారులు కట్టాయి. కొత్త సున్నం పూయించి, ఆ రోజే మళ్ళీ రంగు వేశారు. మీకు చెప్పొద్దన్నారు, కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడని."

మరి మరక, అన్నాను.

"గోడలో పూడ్చిన గొట్టం. మొదటి వానకే కారింది. నేనూ ఆగ్నెసమ్మా తువ్వాళ్ళు పెట్టి తుడవలేక చచ్చాం. గోడ పగలగొట్టి గొట్టం బయటికి తీయించమని ఆవిడ అన్నగారి కాళ్ళావేళ్ళా పడింది. స్కెచ్‌లో లేదన్నారు. ఈలోపు మీరు వెళ్ళి పాకం కలిపానని ఏడిచారు. ఆయనకి అది కలిసొచ్చింది. అలాగే అనుకోనీ అన్నారు. నేనక్కడే ఉన్నాను."

ఆగ్నెస్ తనచేత ఒట్టేయించుకుందని చెప్పింది. ఆవిడ పోయాక అయినా చెప్పొచ్చుగా అని అడిగాను. నా గొంతులో కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"ఏం చెప్పను? రిటైరయ్యేదాకా డ్రైనేజీలో చేశారు. ఊరందరి గొట్టాలూ గీశారు. కారే గొట్టం మరక ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా? మీకు తెలుసుకోవాలని లేదు."

సంతోష్ ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూడకుండా కూర్చున్నాడు. రేపు ఆ గోడ పడగొట్టేటప్పుడు ఎదురుగా నేను స్టూలేసుకుని కూర్చున్నా, తెచ్చుకోవడానికి ఏ ముక్క ఏరాలో నాకు తోచలేదు. ఎలాగైనా ఆ పేరా ఒకటి పెట్టరాదా, ఫలానావాడు అక్కడ పనిచేశాడని, అని సంతోష్‌ని అడిగాను. సుభద్ర అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

"గొట్టమని రాసుకో బాబూ. ఈయన పేరు పెట్టకు. ఆ గోడ మీద ఈయనదేం లేదు."